అకిలిస్ ఏడుపులో గిల్గమేష్ గొంతు ఉందా?

మట్టిపలక

నెల రోజులుగా గ్రీకు కవి హోమర్ ఇలియడ్‌ను, గిల్గమేష్ కావ్యాన్ని పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఒక చోట ఆగిపోయాను. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను: స్నేహితుడు పాట్రోక్లస్ పోయినప్పుడు అకిలిస్ ఏడ్చే ఘట్టం గ్రీకులు పూర్తిగా సొంతంగా కట్టుకున్నది కాదు. వందల ఏళ్ల ముందు నుంచే మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో, చెప్పుకుంటున్న గిల్గమేష్ దుఃఖం ఏదో దారిన వాళ్ల చెవిన పడింది. కాదనేవాళ్లు కారణాలతో రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం. గిల్గమేష్ ఊరుక్ నగరానికి రాజు. ఆ ఊరి శిథిలాలు దక్షిణ ఇరాక్‌లో ఉన్నాయి. మూడింట రెండు వంతులు దేవుడు, ఒక వంతు మనిషి. అతని ఆగడాలు తట్టుకోలేక జనం మొరపెట్టుకుంటే, దేవతలు అతనికి సరిజోడుగా ఎంకిడు అనే అడవి మనిషిని మట్టితో చేస్తారు. ఇద్దరూ ముందు కలబడతారు, తర్వాత ప్రాణస్నేహితులవుతారు. దేవదారు అడవిని కాపాడే హుంబాబాను చంపుతారు. ఇష్తార్ దేవత పెళ్లాడమంటే గిల్గమేష్ కాదంటాడు, కోపంతో ఆమె దింపిన దివ్య వృషభాన్నీ ఇద్దరూ కూల్చేస్తారు. దానికి శిక్షగా ఎంకిడు జబ్బుపడి పోతాడు. అప్పుడు గిల్గమేష్‌కు చావు భయం పట్టుకుంటుంది. చావు తప్పించుకునే దారి వెతుక్కుంటూ లోకం చివరి దాకా వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొస్తాడు.

ఇలియడ్ సంగతి చాలామందికి తెలిసిందే. ట్రాయ్ నగరం మీద యుద్ధానికి వచ్చిన గ్రీకుల సేనాని అగమెమ్నన్ మీద అలిగి, వాళ్ల మహావీరుడు అకిలిస్ యుద్ధం మానేస్తాడు. అతని కవచం తొడుక్కుని పాట్రోక్లస్ పోరాడి ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ చేతిలో చనిపోతాడు.

ఇక నేను ఆగిపోయిన చోటు. గిల్గమేష్ కావ్యం మట్టి పలకల మీద ఉంది, ఒక్కో పలక ఒక్కో సర్గ లాంటిది. గిల్గమేష్ ఎనిమిదో పలకలో, ఎంకిడు గుండె మీద రాజు చెయ్యి పెట్టి చూస్తాడు. కొట్టుకోవడం లేదు. పెళ్లికూతురికి ముసుగేసినట్టు అతని ముఖం కప్పుతాడు. గద్దలా చుట్టూ తిరుగుతాడు. పిల్లల్ని పోగొట్టుకున్న ఆడసింహంలా ముందుకీ వెనక్కీ తిరుగుతాడు. జుట్టు పీక్కుంటాడు, బట్టలు చింపుకుంటాడు. ఇలియడ్ పద్దెనిమిదో సర్గలో అకిలిస్ స్నేహితుడి రొమ్ము మీద చేతులు పెట్టి ఏడుస్తాడు. ఆ వెంటనే వచ్చే పోలిక ఏమిటంటే, తను లేని సమయంలో వేటగాడు పిల్లల్ని ఎత్తుకుపోతే ఆలస్యంగా వచ్చి రోదించే సింహం.

రొమ్ము మీద చెయ్యి, వెంటనే పిల్లల్ని పోగొట్టుకున్న సింహం. అదే క్రమం, అదే సందర్భం. ఇంకోటి ఉంది. ఎంకిడు ముక్కులోంచి పురుగు రాలి పడేదాకా గిల్గమేష్ శవాన్ని పాతిపెట్టనివ్వడు. పాట్రోక్లస్ గాయాల్లో ఈగలు చేరి పురుగులు పడతాయేమోనని అకిలిస్ బెంగపడితే, అతని తల్లి, దేవత అయిన థెటిస్ వచ్చి శవం ముక్కు రంధ్రాల్లో అమృతం పోస్తుంది. ఇదంతా యాదృచ్ఛికమేనా?

అక్షితశ్రవం

మట్టిపలక గారూ, చాలా శ్రద్ధగా చదివారు. కానీ మీ నిర్ణయంతో నేను ఏకీభవించలేను.

పోలిక కనబడటం వేరు, అప్పు తీసుకోవడం వేరు. ఎంకిడు అడవిలో జింకలతో గడ్డి మేస్తూ పెరుగుతాడు. షంహత్ అనే వేశ్య వెళ్లి అతన్ని తనవాడిని చేసుకుని నగరానికి తెస్తుంది. ఇది చదివిన ప్రతి తెలుగువాడికీ ఋష్యశృంగుడు గుర్తొస్తాడు. అడవిలో జింక కడుపున పుట్టి, ఆడవాళ్ల ముఖమే చూడకుండా పెరిగిన కుర్రాడిని వేశ్యలు అంగదేశానికి తీసుకొస్తారు. మరి మన కథ కూడా ఊరుక్ నుంచి వచ్చిందని అంటామా? అలా అన్న పండితులూ ఉన్నారు. నాకైతే ఒక్క పోలిక మీద అంత దూరం వెళ్లడం భయమే.

మీ సింహం గురించి. ఇలియడ్ నిండా సింహాలే. పైగా ఒక సర్గ ముందే, పదిహేడో సర్గలో, పాట్రోక్లస్ శవానికి అడ్డుగా నిలబడిన గ్రీకు వీరుడు అజాక్స్‌ను హోమర్ ఎలా వర్ణించాడో చూడండి. పిల్లల్ని వెంటేసుకుని వెళ్తూ అడవిలో వేటగాళ్లకు ఎదురుపడిన సింహంలా ఉన్నాడంటాడు. అక్కడ సింహం పిల్లల్ని కాస్తుంది, ఇక్కడ పోగొట్టుకుంటుంది. అదే శవం, అదే పోలిక కొనసాగింపు. ఇది హోమర్ లోపలి నుంచే పెరిగింది, బయటి నుంచి రానక్కర్లేదు.

అమృతం కూడా అంతే. లిసియా వీరుడు సర్పిడాన్ శవానికి అపోలో దేవుడు అమృతం పూస్తాడు. హెక్టర్ శవం చెడిపోకుండా ఆఫ్రొడైటి దేవత గులాబీల దివ్య తైలం పూస్తుంది. అంటే శవాన్ని కాపాడటం ఇలియడ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే విషయం. గిల్గమేష్‌లో ఎవరూ శవాన్ని కాపాడరు, అది కుళ్లిపోవడమే అక్కడ అసలు సంగతి.

ఇక నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానో చెప్తాను. తొమ్మిదో సర్గలో అకిలిస్ తన ముందున్న రెండు దారుల గురించి చెబుతాడు. ట్రాయ్‌లో ఉండిపోతే చిన్న వయసులో చావు, దానితో పాటు ‘క్లెయోస్ అఫ్థితోన్’, అంటే తరగని కీర్తి. ఋగ్వేదం మొదటి మండలం తొమ్మిదో సూక్తంలో ఇంద్రుణ్ణి అడిగేది కూడా ‘శ్రవః... అక్షితమ్’. మాటకు మాట ఒకే మూలం. 1853లో అడాల్బర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు దీన్ని గుర్తించాడు. అకిలిస్‌కు గుండెకాయ లాంటి ఆ ఆలోచన గ్రీకులకు తమ పూర్వుల భాష నుంచే వచ్చింది. మెసపొటేమియా దాకా పోనక్కర్లేదు.

గోదారిగట్టు

తెలుగు టీచరుగా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నాకు గిల్గమేష్ కావ్యం ఉన్న అక్కాడియన్ భాష రాదు, గ్రీకు రాదు, అనువాదాలే దిక్కు. అయినా ఒక మాట.

మీ ఇద్దరూ రాసుకున్న పుస్తకాలు పక్కన పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. హోమర్ కథ మొదట పాట. కారెంపూడిలో వీరవిద్యావంతులు పల్నాటి కథ పాడుతుంటే విన్నాను. బాలచంద్రుడి స్నేహితుడు అనపోతు చనిపోయే ఘట్టం వచ్చేసరికి పక్కన కూర్చున్న పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ పాట హోమర్ దగ్గర నేర్చుకున్నారని ఎవరూ అనరు. వీరుడి పక్కన స్నేహితుడు ఉండటం, ముందు ఆ స్నేహితుడు పోవడం, ఇవి యుద్ధం పాటలున్న ప్రతి చోటా పుడతాయి.

పురుగు సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా తమ్ముడు గల్ఫ్‌లో పోయాడు. పెట్టె ఇంటికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా అమ్మ అడిగింది ఒకటే, వాడి ముఖం చూడటానికి పనికొస్తుందా అని. ఆమె ఏ కావ్యమూ చదవలేదు. శవం ఆలస్యమైన ప్రతి ఇంట్లోనూ ఆ భయం ఉంటుంది. మట్టిపలక గారూ, ఆ పురుగును మీరు సాక్ష్యం కింద వాడుకోవద్దని నా మనవి. అది ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే విషయం కాదు.

మట్టిపలక

అమ్మా, మీ మాటకు ఎదురు చెప్పలేను. పురుగును నా వాదనలోంచి తీసేస్తున్నాను. మొహమాటానికి అంటున్నది కాదు, అక్షితశ్రవం గారు చెప్పిన సర్పిడాన్, హెక్టర్‌ల సంగతి కూడా కలుపుకుంటే ఆ ఆధారం నిలబడదు.

కానీ ఆ కథ గ్రీకులను చేరే దారే లేదంటే మాత్రం ఒప్పుకోను. ఇప్పటి టర్కీలో బోగజ్‌కోయ్ అనే ఊరి దగ్గర, పూర్వం అక్కడ రాజ్యమేలిన హిట్టైట్ల రాజధాని హత్తూశా శిథిలాలున్నాయి. 1906లో అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలయ్యాక మట్టి పలకలు వేల సంఖ్యలో దొరికాయి. వాటిలో గిల్గమేష్ కథ మూడు భాషల్లో ఉంది: అక్కాడియన్, హిట్టైట్, హుర్రియన్. ఎంకిడు చావాలని దేవతలు సభ తీర్చి నిర్ణయించే ఘట్టం బాబిలోన్ ప్రతుల్లో పోయింది. ఇవాళ మనం దాన్ని చదవగలుగుతున్నామంటే ఆ హిట్టైట్ పలక వల్లే.

నన్ను కుదిపేసిన విషయం ఇది. అదే హత్తూశా పలకల్లో పశ్చిమాన ఉన్న విలుసా అనే రాజ్యంతో చేసుకున్న ఒప్పందం ఉంది, క్రీ.పూ. 1280 ప్రాంతానిది. ఆ రాజు పేరు అలక్సందు. అహ్హియావా అనే సముద్రం అవతలి రాజ్యంతో నడిచిన ఉత్తరాలూ ఉన్నాయి. విలుసా అంటే హోమర్ చెప్పే ఇలియోస్, అంటే ట్రాయ్ అనీ, అహ్హియావా అంటే అకియన్లు, అంటే గ్రీకులనీ చాలామంది పండితులు ఒప్పుకుంటున్నారు. ట్రాయ్‌తోనూ గ్రీకులతోనూ వ్యవహారాలు నడిపిన రాజధానిలోనే ఎంకిడు చావు కథ రాసుకుని దాచుకున్నారు. ఇంతకంటే దగ్గరి దారి ఏం కావాలి?

ఈ దారిన కథలు నడిచాయనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. హత్తూశాలోనే దొరికిన కుమర్బి కథలో, కుమర్బి అనే దేవుడు, ఆకాశ దేవుడైన అనూ మర్మాంగాన్ని కొరికేసి రాజ్యం లాక్కుంటాడు. ప్రాచీన కవి హెసియడ్ చెప్పిన గ్రీకు కథలో క్రోనస్ తన తండ్రి అయిన ఆకాశ దేవుడు యురానస్ మర్మాంగాన్ని కొడవలితో కోసి రాజవుతాడు. చివరికి ఇద్దరినీ దించేది పిడుగుల దేవుడే, అక్కడ తెషూబ్, ఇక్కడ జ్యూస్.

కొత్తపాఠకురాలు

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ చర్చ చదివాక గిల్గమేష్ మొదలుపెట్టాను. ఒక సందేహం, తప్పుగా అడిగితే క్షమించండి. అంత దగ్గరగా ఉంటే గ్రీకు రాతల్లో ఎక్కడైనా గిల్గమేష్ పేరు ఉండాలి కదా సార్? ఉందా?

థేమ్స్ ఒడ్డు

సరైన ప్రశ్న అమ్మా. నాకు తెలిసి ఒకే ఒక్క చోట ఉంది, అదీ చాలా ఆలస్యంగా. క్రీ.శ. 200 ప్రాంతంలో ఈలియన్ అనే ఆయన జంతువుల గురించి గ్రీకులో ఒక పుస్తకం రాశాడు. గద్దలకు మనిషి మీద ప్రేమ ఉంటుందని చెప్పడానికి ఒక కథ చెబుతాడు. బాబిలోన్ రాజుకు కూతురి కొడుకు వల్ల రాజ్యం పోతుందని జోస్యం చెబుతారు. ఆయన కూతురిని కోటలో బంధించి కాపలా పెడతాడు. అయినా ఆమెకు బిడ్డ పుడతాడు. కాపలావాళ్లు భయపడి ఆ బిడ్డను బురుజు మీద నుంచి విసిరేస్తారు. గద్ద ఒకటి వీపు మీద పట్టుకుని తోటలో దింపుతుంది, తోటమాలి పెంచుతాడు. ఆ బిడ్డే గిల్గమోస్, పెద్దయ్యాక బాబిలోన్ రాజవుతాడు.

గమనించండి. ఎంకిడు లేడు, హుంబాబా లేడు, చావు భయం లేదు. పేరొక్కటే మిగిలింది. కథ చూస్తే గ్రీకు వీరుడు పెర్సియస్ కథకు దగ్గరగా ఉంది. అక్కడ కూడా మనవడి చేతిలో చస్తానని తెలిసి అక్రిసియస్ కూతురు డానయేను కంచు గదిలో బంధిస్తాడు, పుట్టిన బిడ్డతో సహా పెట్టెలో పెట్టి సముద్రంలోకి తోస్తాడు.

పేరు వెళ్లిన చోట కథ వెళ్లలేదు. మరి కథ పేరు లేకుండా వెళ్లిందా? వెళ్లిందనే నేను నమ్ముతున్నాను. అదే ఈలియన్ ఇంకో కథ చెబుతాడు. ప్రొమీథియస్ దేవతల నిప్పు దొంగిలించినప్పుడు ఆ సంగతి చెప్పినవాళ్లకు జ్యూస్ ముసలితనం రాకుండా చేసే మందు ఇస్తాడు. వాళ్లు దాన్ని గాడిద మీద వేసుకుని బయలుదేరతారు. ఎండాకాలం, గాడిదకు దాహం. ఊట దగ్గర పాము కాపలా ఉంది, నీళ్లు తాగనివ్వదు. గాడిద మందు ఇచ్చేసి నీళ్లు తాగుతుంది. అందుకే పాము కుబుసం విడిచి కొత్తదవుతుంది. ఈ కథ తన సొంతం కాదనీ, నాటకకర్త సోఫోక్లీస్, క్రీ.పూ. ఆరో శతాబ్దపు కవి ఇబికస్ లాంటివాళ్లు ముందే చెప్పారనీ ఆయనే అంటాడు.

గిల్గమేష్ పదకొండో పలక చదివినవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. సముద్రం అడుగు నుంచి తెచ్చుకున్న, ముసలివాళ్లను పడుచువాళ్లను చేసే మొక్కను గట్టున పెట్టి గిల్గమేష్ చల్లటి మడుగులో స్నానం చేస్తుంటాడు. వాసన పట్టి పాము వచ్చి మొక్క ఎత్తుకుపోతుంది, పోతూ పోతూ కుబుసం విడుస్తుంది. యవ్వనం ఇచ్చే మందు, నీళ్ల ఒడ్డు, పాము, కుబుసం. నాలుగూ కలిసి రెండు చోట్ల వాటంతట అవే పుట్టాయని అనుకోలేను.

గ్రీకు వీరుడు హెరక్లీస్ గురించి కూడా ఒక ముక్క రాస్తాను. సింహం తోలు కప్పుకుని తిరగడం, ఎద్దుతో పోరాటం, లోకం చివరికి ప్రయాణం, చావును గెలవాలన్న తపన. ఎంకిడు పోయాక సింహం తోలు కప్పుకుని అడవులు పట్టిపోతానని గిల్గమేష్ అంటాడు. నా దృష్టిలో గిల్గమేష్‌కు దగ్గరి బంధువు అకిలిస్ కంటే హెరక్లీసే.

ఇక్కడ లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో, ఆ పదకొండో పలకను చూశాను. జలప్రళయం కథ కూడా అందులోనే ఉంది. సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు, అంతే. నినెవెలో అస్సీరియా రాజు అషూర్‌బనిపాల్ గ్రంథాలయం నుంచి వచ్చింది. 1872 డిసెంబరు 3న మ్యూజియం ఉద్యోగి జార్జ్ స్మిత్ దాన్ని చదివి వినిపించేదాకా రెండు వేల ఏళ్లుగా ఈ కథ ఎవరికీ తెలియదు. ఆ గాజు పెట్టె ముందు అరగంట నిలబడిపోయాను.

అక్షితశ్రవం

పాము కథ ఒప్పుకుంటున్నాను. అది నాకు కొత్త సంగతి, థేమ్స్ ఒడ్డు గారికి కృతజ్ఞతలు. కుమర్బి కథ విషయంలోనూ నాకు అభ్యంతరం లేదు. ఇష్తార్ ఘట్టం కూడా ఎవరైనా ఎత్తుతారని చూశాను, ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తాను. గిల్గమేష్ అవమానించాడని ఇష్తార్ ఏడుస్తూ పైకి వెళ్లి తండ్రి అనూ, తల్లి అంతూ ముందు కూర్చుంటుంది. ఇలియడ్ ఐదో సర్గలో గ్రీకు వీరుడు డయోమిడిస్ గాయపరిస్తే ఆఫ్రొడైటి ఏడుస్తూ దేవతల కొండ ఒలింపస్ వెళ్లి తల్లి డయోనీ ఒళ్లో పడుతుంది, తండ్రి జ్యూస్ నవ్వుతూ పలకరిస్తాడు. అనూ పేరుకు స్త్రీ రూపం అంతూ. జ్యూస్ పేరుకు స్త్రీ రూపం డయోనీ. ఆమె ఇలియడ్‌లో మరెక్కడా కనబడదు. జర్మన్ పండితుడు వాల్టర్ బుర్కర్ట్ చూపించిన ఈ పోలికకు నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నేను వాదించేది కథలు రాలేదని కాదు. అకిలిస్ గుండె అక్కడి నుంచి రాలేదని.

ఎందుకంటే చూడండి. స్నేహితుడు పోయాక ఇద్దరూ ఏం చేశారు? గిల్గమేష్ ఎదురైన ప్రతివాళ్లతోనూ ఒకటే మాట అంటాడు: నా స్నేహితుడు మట్టి అయిపోయాడు, నేనూ అలాగే పడుకోవాలా, మళ్లీ లేవనా? అతని దుఃఖం భయంగా మారుతుంది. చావుకు దూరంగా పరిగెడతాడు. అకిలిస్ తల్లితో అనే మాట, అయితే నేను ఈ క్షణమే చచ్చిపోవాలి, నా స్నేహితుణ్ణి కాపాడుకోలేకపోయాను. హెక్టర్‌ను చంపితే ఆ వెంటనే తన చావు రాసిపెట్టి ఉందని థెటిస్ చెప్పింది. తెలిసీ వెళ్తాడు. అతని దుఃఖం చావుకు ఎదురు నడుస్తుంది.

అదే చోట అకిలిస్ ఇంకో మాట అంటాడు: జ్యూస్‌కు ఎంతో ఇష్టమైన హెరక్లీసే చావు తప్పించుకోలేదు, నేనెంత. చావును తప్పించుకునే వీరుడి కథ ఒకటి ఉందని తెలిసి, అది తనకు వద్దంటున్నాడు. థేమ్స్ ఒడ్డు గారు హెరక్లీస్‌ను గిల్గమేష్ బంధువు అన్నారు. అలాగైతే అకిలిస్ ఆ బంధువు దారిని పేరుపెట్టి కాదన్నాడు.

గోదారిగట్టు

అక్షితశ్రవం గారూ, ఆ చివరి మాట నాకు కొత్త దారి చూపించింది. కానీ అకిలిస్ కూడా మనసు మార్చుకున్నాడు కదా. హోమర్ రెండో కావ్యం ఒడిస్సీ పదకొండో సర్గలో, ఆ కథానాయకుడు ఒడిస్సియస్ పాతాళానికి వెళ్లి అతని ఆత్మను కలుస్తాడు. చచ్చినవాళ్లందరి మీద రాజుగా ఉండేకంటే, భూమి మీద సెంటు పొలం లేనివాడి దగ్గర కూలిపని చేసుకు బతకడం మేలంటాడు అకిలిస్. తరగని కీర్తి ఎంచుకున్నవాడు ఆ మాట అన్నాడంటే, నాకు అందులో గిల్గమేష్ భయమే వినబడుతోంది.

ఇంకొకటి. సముద్రపు అంచున సారాయి కొట్టు నడిపే సిదూరి గిల్గమేష్‌కు ఒక మాట చెబుతుంది. కడుపు నిండా తిను, పగలూ రాత్రీ సంతోషంగా ఉండు, తలస్నానం చెయ్యి, శుభ్రమైన బట్ట కట్టు, నీ చెయ్యి పట్టుకున్న చిన్నవాడిని చూసుకో, నీ భార్యను ఒళ్లోకి తీసుకో, మనిషి చెయ్యగలిగింది అంతే. ఈ మాటలు పాత బాబిలోన్ ప్రతిలోనే ఉన్నాయనీ, తర్వాత స్థిరపడిన పాఠంలో లేవనీ ఈ మధ్యే తెలుసుకున్నాను. ఎందుకు తీసేశారో గానీ, నాకైతే కావ్యం మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు. మా అమ్మకు చదివి వినిపించాను.

ఆ మాటలు పాటించింది గ్రీకు వీరుల్లో ఎవరు? ఒడిస్సియస్. కలిప్సో అనే దేవత నిన్ను చావు లేనివాడిని చేస్తానంటే వద్దంటాడు. ముసలిదవుతున్న భార్య పెనెలొపీ దగ్గరికీ, తన ఊరైన రాళ్ల దీవి ఇథాకాకూ పోతానంటాడు.

కొత్తపాఠకురాలు

మేడం గారూ, అది చదివి ఏడుపొచ్చింది. నాకు ఇంకో సందేహం. ఇలియడ్‌లో పాట్రోక్లస్ ఆత్మ వచ్చే చోటు ఉంది కదా, ఎంకిడు ఆత్మ కూడా వస్తుందని విన్నాను. అది ఎవరూ రాయలేదేంటి?

మట్టిపలక

నేనే రాయాల్సింది, మరిచిపోయాను. ఇరవై మూడో సర్గలో నిద్రపోతున్న అకిలిస్ దగ్గరికి పాట్రోక్లస్ ఆత్మ వస్తుంది. త్వరగా దహనం చెయ్యమంటుంది, మన ఇద్దరి అస్థికలూ ఒకే పాత్రలో ఉంచమంటుంది. అకిలిస్ చేతులు చాస్తాడు. ఆత్మ పొగలా నేలలోకి జారిపోతుంది.

గిల్గమేష్ పన్నెండో పలకలో, పాతాళంలో చిక్కుకున్న ఎంకిడు ఆత్మ నేలలోని ఒక కన్నం గుండా గాలిలా పైకొస్తుంది. అక్కడ ఇద్దరూ కావలించుకోగలుగుతారు, ముద్దులు పెట్టుకుంటారు. ఆ తర్వాత కూర్చుని, పాతాళంలో ఎవరెవరు ఎలా ఉన్నారో గిల్గమేష్ అడుగుతాడు. ఒక కొడుకున్నవాడు ఎలా ఉన్నాడు, ఏడుగురు కొడుకులున్నవాడు ఎలా ఉన్నాడు, ఎవరూ తర్పణం ఇవ్వనివాడు ఏం తింటున్నాడు. ఈ పలక సుమేరియన్ పాటకు అనువాదం, పదకొండు పలకల కథకు చివర అతికించింది. అది మొదలయ్యేటప్పటికి ఎంకిడు ఇంకా బతికే ఉంటాడు, మిగతా కథతో పొసగదు. అందుకే చాలామంది దీన్ని అనుబంధంగానే చూస్తారు.

ఇప్పుడు నేను ఎక్కడ ఉన్నానో చెప్తాను. మొదటి పోస్టులో సింహం, చెయ్యి, పురుగు, మూడింటినీ ఒకే లెక్కలో వేశాను. పురుగు పోయింది. సింహం గురించి అజాక్స్ పోలిక చదివాక సగం తగ్గాను. అయినా రొమ్ము మీద చెయ్యి పెట్టిన వెంటనే ఆ సింహమే రావడం దగ్గర నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. అజాక్స్ సింహం ఏడవదు. పోగొట్టుకుని ఏడ్చే సింహం ఇద్దరికే ఉంది.

అక్షితశ్రవం గారు చెప్పినదాంట్లో నాకు పూర్తిగా నచ్చింది చావు వైపు నడవడం, చావు నుంచి పారిపోవడం అన్న తేడా. కానీ దాన్ని నేను ఇంకోలా చదువుతున్నాను. ఎదుటివాడి ప్రశ్న విన్నవాడే దానికి సరిగ్గా తిరగేసిన జవాబు ఇవ్వగలడు. వినకుండా అంత కచ్చితంగా తిరగెయ్యడం కష్టం.

అక్షితశ్రవం

దీన్ని నేను ఒప్పుకోను గానీ, కొట్టిపారేయను కూడా. ఇద్దరు మనుషులకు ఒకే నష్టం జరిగితే ఒకడు పారిపోవచ్చు, ఒకడు ఎదురెళ్లొచ్చు. ఉన్నవి రెండే దారులు. ఒకరి జవాబు ఇంకొకరు వినాల్సిన పని లేదు. గ్రీకు వైపు నుంచి ఒక్క పలక, ఒక్క అనువాదకుడి పేరు, ఒక్క రెండు భాషల ప్రతి దొరికేదాకా నేను ఇక్కడే ఉంటాను. ఇబికస్ పాము నా చేత ఒకసారి మాట మార్పించింది, ఇంకోటి దొరికితే మళ్లీ మారుస్తాను.

ఈ చర్చ కోసం వెతుకుతుంటే ఒకటి కనబడింది, చెప్పాలనిపించింది. కూన్ ‘అక్షితమ్ శ్రవః’ గురించి రాసింది 1853లో. నినెవెలో పురావస్తు శాస్త్రవేత్త హోర్ముజ్ద్ రస్సాం అషూర్‌బనిపాల్ రాజభవనాన్ని తవ్వి ఆ పలకల్ని బయటికి తీసింది కూడా 1853 డిసెంబరులోనే. మనం ఇక్కడ రెండు వైపులా లాగుతున్న రెండు తాళ్లూ ఒకే ఏడాది చేతికి దొరికాయి.

గోదారిగట్టు

ఒక్క మాట చెప్పి ఆపుతాను. రెండు కథలూ వీరుడి చావుతో ముగియవు. పన్నెండో పలక వదిలేస్తే, గిల్గమేష్ పడవవాడు ఊర్షనబిని వెంటబెట్టుకుని ఊరుక్ చేరి, గోడ ఎక్కి చూడు, పునాది చూడు, ఇటుక చూడు అంటాడు. ఊరి కొలతలు చెబుతాడు, షార్ అంటే అప్పటి నేల కొలత: ఒక షార్ నగరం, ఒక షార్ ఖర్జూర తోటలు, ఒక షార్ మట్టి తవ్వే గుంటలు, అర షార్ ఇష్తార్ గుడి. అంతే, కావ్యం అయిపోయింది. ఇలియడ్‌లో చివరి కర్మ అకిలిస్‌ది కాదు, అతను చంపిన హెక్టర్‌ది. కొడుకును చంపిన చేతుల్నే ముద్దుపెట్టుకుని హెక్టర్ తండ్రి, ట్రాయ్ రాజు ప్రియాం, శవాన్ని అడిగి తెచ్చుకుంటాడు, ట్రాయ్‌లో ఆడవాళ్లు ఏడుస్తారు, అస్థికల మీద రాళ్లు పేర్చి మట్టి పోస్తారు.

ప్రియాం, అకిలిస్ ఎదురెదురుగా కూర్చుని ఏడ్చే చోటు ఉంది. ఒకరు కొడుకు కోసం, ఒకరు స్నేహితుడి కోసం, ఊళ్లో ఒంటరిగా ఉన్న తండ్రి కోసం. గిల్గమేష్‌తో పాటు కూర్చుని ఏడ్చినవాళ్లు అతని కథలో ఎవరున్నారు? ఎవరికైనా గుర్తుంటే రాయండి.

మట్టిపలక

ఎనిమిదో పలక మళ్లీ తీశాను అమ్మా. ఎంకిడు కోసం ఏడవమని గిల్గమేష్ అందర్నీ పిలుస్తాడు. దేవదారు అడవికి వెళ్లిన దారుల్ని, ఊరుక్ పెద్దల్ని, ఎలుగుబంటిని, చిరుతను, జింకను, యూఫ్రటీస్ నదిని, పొలాల్లో రైతును, పశువుల కాపరిని, షంహత్‌ను. పేరుపేరునా పిలుస్తాడు. వాళ్లు ఏడ్చారో లేదో కావ్యం చెప్పదు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఇలియడ్ ఇరవై నాలుగో సర్గ మళ్లీ మొదలుపెట్టాను, ప్రియాం గుడారంలోకి వచ్చే చోట ఉన్నాను.